జనం వాడుతున్న బ్రౌజర్ ఫీచర్‌ని తీసేయాలా, ఉంచాలా: ఎలా తేల్చుకోవాలి

ఫీచర్‌ని ఆపేసే కోడ్ రాయడం ఒక పూట పని. దాన్ని ఆపొచ్చా లేదా అని తేల్చడానికి నెలలు పడుతుంది, పట్టనివ్వాలి కూడా. బ్రౌజర్ బృందంలో ఆ నిర్ణయం మీ చేతికి వచ్చినప్పుడు ఏ వరుసలో నడవాలో, ఎక్కడెక్కడ జారిపడతారో కింద ఉంది. ముందే ఒక మాట. ఎంత శాతం మంది వాడుతున్నారన్న ఒక్క అంకె పట్టుకుని తీర్పు చెప్పకండి. తీసేసిన మర్నాడు ఎవరి పని ఆగిపోతుంది, వాళ్లకు మరో దారి ఉందా అన్నదే మీరు తేల్చాల్సిన ప్రశ్న. అంకెలన్నీ దానికి జవాబు వెతకడానికి పనికొచ్చే సాధనాలు మాత్రమే.

1. కారణాన్ని ఒక్క వాక్యంలో రాయండి

కాగితం మీద ఒకే వాక్యం. అందులో నష్టం ఎవరికో కనబడాలి. 2016లో క్రోమ్ 52 నుంచి బ్యాక్‌స్పేస్ నొక్కితే వెనక్కి వెళ్లే సౌకర్యాన్ని తీసేశారు. దాని కారణాన్ని ఇలా రాయొచ్చు: "ఫారం నింపుతున్న మనిషి కర్సర్ గడి బయట ఉందని తెలియక బ్యాక్‌స్పేస్ నొక్కితే రాసిందంతా పోతోంది." నష్టం ఏమిటో, ఎవరికో చదవగానే తెలుస్తోంది. "మెనూ మరీ నిండుగా ఉంది", "డిజైన్ పాతబడింది" లాంటివి తీసేయడానికి కారణాలు కావు. వాటికి మందు అమరిక మార్చడం.

సాధారణంగా నిలబడే కారణాలు నాలుగే: భద్రత, గోప్యత, యూజర్ డేటా పోవడం, మరో పెద్ద మార్పుకి అడ్డు పడటం. నాలుగోదానికి పెద్ద ఉదాహరణ ఫైర్‌ఫాక్స్ 57. 2017 నవంబరులో వచ్చిన ఆ వెర్షన్‌లో పాత తరహా యాడ్-ఆన్లన్నీ (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఆగిపోయాయి. అవి బ్రౌజర్ లోపలి భాగాల్లోకి నేరుగా చేతులు పెట్టేవి. లోపల ఏం మార్చినా ఏదో ఒక యాడ్-ఆన్ కూలేది, బ్రౌజర్‌ని వేర్వేరు ప్రాసెస్‌లుగా విడగొట్టే పని ముందుకు సాగేది కాదు.

ఐదో కారణం "నిర్వహణ భారం". దీన్ని అనుమానంగా చూడండి. గత 24 నెలల్లో ఆ ఫీచర్ మీద వచ్చిన బగ్‌లు ఎన్ని, వాటిలో భద్రతకు సంబంధించినవి ఎన్ని, దాని పరీక్షలు ఎన్నిసార్లు ఉత్తపుణ్యానికి ఫెయిలయ్యాయి, ఎన్ని పనిదినాలు ఖర్చయ్యాయి అని లెక్క తీయండి. ఏడాదికి పది పనిదినాలు కూడా దాటకపోతే అసలు కారణం భారం కాదు, ఇంకేదో. ఆ ఇంకేదో బయటికి చెప్పండి. భద్రత పేరు చెప్పి మరో పని కానిచ్చుకుంటే చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టే. కోడ్ బహిరంగంగా ఉండే బ్రౌజర్లలో అది వారం తిరక్కుండా పట్టుబడుతుంది.

తర్వాత మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న: దీన్ని ఎవరైనా శుభ్రంగా తిరగరాసి, పదేళ్లు చూసుకుంటామంటే అప్పుడూ తీసేస్తారా? "తీసేయం" అనేది జవాబైతే లోపం ఫీచర్‌లో లేదు, దాన్ని నడిపే కోడ్‌లో ఉంది. 2025లో క్రోమ్ బృందం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని (ఎక్స్‌ఎంఎల్ డేటాని చదవగలిగే పేజీగా మార్చే భాషని) తీసేస్తామని ప్రతిపాదించినప్పుడు వాదన నడిచింది ఇక్కడే. దాన్ని నడిపేది సీ భాషలో రాసిన పాత లైబ్రరీ, మెమరీ లోపాలు తరచూ బయటపడేవి, చూసుకునే చేతులు తక్కువ. ఇలాంటి చోట ఉంచడం, తీసేయడం కాక మూడో దారి కూడా ఉంటుంది: సురక్షితమైన భాషలో తిరగరాయడం, లేదా అదే పనిని పేజీలోపల స్క్రిప్ట్ రూపంలో చేసే పాలిఫిల్ ఇవ్వడం. దానికయ్యే ఖర్చు కూడా అదే కాగితం మీద వేయండి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే ముందు బోను ధర తెలియాలి కదా.

2. అది ఏ జాతి ఫీచరో చూడండి

బ్రౌజర్ పైభాగంలో కనిపించే బటన్లు, షార్ట్‌కట్లు, ప్యానెళ్లు ఒక జాతి. సైట్లు ఆధారపడే ఏపీఐలు (సైట్ కోడ్ బ్రౌజర్ చేత పని చేయించుకునే పిలుపులు), ట్యాగ్‌లు, ప్రోటోకాల్‌లు రెండో జాతి. మొదటిది పోతే యూజర్‌కి వెంటనే తెలుస్తుంది, మిమ్మల్నే తిడతారు. రెండోది పోతే ఏదో సైట్ తెల్లగా తెరుచుకుంటుంది, యూజర్ ఆ సైట్‌ని తిడతారు, సైట్ రాసినవాళ్లు ఎప్పుడో ఆ పని మానేసి ఉంటారు. అందుకే మొదటి జాతికి ప్రత్యామ్నాయం మీద, రెండో జాతికి లెక్క మీద ఎక్కువ సమయం పెట్టండి.

3. లెక్క తీయండి, తర్వాత ఆ లెక్కని అనుమానించండి

పైభాగపు ఫీచర్ అయితే మూడు అంకెలు కావాలి: 28 రోజుల్లో కనీసం ఒకసారి వాడినవాళ్లు, వాళ్లలో ఒక్కొక్కరు ఎన్ని రోజులు వాడారు, ఆ వాడకంలో పొరపాటున జరిగింది ఎంత. మొదటి అంకె చిన్నదై రెండోది 20 రోజులు దాటితే జాగ్రత్త. వాళ్లు కొద్దిమందే, కానీ వాళ్ల రోజువారీ పని దాని మీదే నడుస్తోంది.

మూడో అంకె ఎందుకంటే, బ్యాక్‌స్పేస్ విషయంలో క్రోమ్ బృందం చూసిన లెక్క ఇది: పేజీ వీక్షణల్లో 0.04 శాతం బ్యాక్‌స్పేస్‌తో వెనక్కి వెళ్లినవి, ఫారంలో ఏదో చేశాక అలా వెళ్లినవి 0.005 శాతం. అంటే సుమారు ఎనిమిదింటిలో ఒకటి డేటా పోయే ప్రమాదం ఉన్న నొక్కు. మొదటి అంకె ఒక్కటే చూస్తే ఉంచాలనిపిస్తుంది, రెండోది పక్కన పెడితే బొమ్మ మారుతుంది.

వెబ్ ఏపీఐలకు, క్రోమ్‌లో పేజీల్ని చూపించే ఇంజిన్ బ్లింక్ బృందం పాటించే కొలత మంచి ఆధారం: పేజీ సందర్శనల్లో 0.1 శాతం అంటే పెద్ద వాడకం, 0.001 శాతం అంటే చిన్నదే కానీ కొట్టిపారేయలేనిది. ఎందుకో లెక్క వేసి చూడండి. రోజుకి 100 కోట్ల సందర్శనలుంటే 0.1 శాతం 10 లక్షలు, 0.001 శాతం 10 వేలు. శాతాల్లో మాట్లాడుకుంటే చిన్నగా వినిపిస్తుంది. సమావేశంలో ఎప్పుడూ ఇలా సంఖ్యల్లోకి మార్చి చెప్పండి.

ఇక లెక్క ఎక్కడ తప్పుతుందంటే:

టెలిమెట్రీని (వాడకం లెక్కల్ని బ్రౌజర్ బృందానికి పంపే ఏర్పాటుని) ఆపుకునేవాళ్లే సాధారణంగా లోతైన ఫీచర్లు వాడతారు. సంస్థల కంప్యూటర్లలో నిర్వాహకులు దాన్ని మొత్తంగా ఆపేస్తారు. కాబట్టి కీబోర్డ్ షార్ట్‌కట్లు, డెవలపర్ సాధనాలు, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి సంబంధించినవి అసలు వాడకం కంటే తక్కువగా కనిపిస్తాయి. ఎంత తక్కువో లెక్కలోంచి రాదు, సంస్థల నిర్వాహకులను నేరుగా అడగాలి.

ఏడాదికి ఒకసారే వాడినా ప్రాణం నిలబెట్టేవి కొన్ని ఉంటాయి. బుక్‌మార్క్‌ల బ్యాకప్, పాస్‌వర్డ్‌ల ఎగుమతి, స్క్రీన్ రీడర్ సదుపాయాలు. వీటిని నొక్కుల సంఖ్యతో కొలవడం అగ్నిమాపక సిలిండర్‌ని ఎన్నిసార్లు వాడారని లెక్కపెట్టడం లాంటిది.

ఏపీఐని పిలవడం వేరు, దాని మీద ఆధారపడటం వేరు. ఏదో లైబ్రరీ "ఈ సదుపాయం ఉందా" అని ఊరికే తడిమి చూసినా కౌంటర్ పెరుగుతుంది. ఆ పేరు తగిలిన సైట్లలోంచి 50 యాదృచ్ఛికంగా తీసుకుని, ఫీచర్ ఆపిన బిల్డ్‌లో (పరీక్ష కోసం తయారుచేసిన బ్రౌజర్ ప్రతిలో) ఒక్కొక్కటీ చేత్తో తెరవండి. ఏమీ కాలేదు, రూపం మాత్రం చెడింది, పని ఆగింది అని మూడు కుప్పలు చేయండి. రెండు రోజుల శ్రమ. ఏ గ్రాఫ్ కంటే కూడా ఎక్కువ చెబుతుంది. ఈ అంచెని ఎప్పుడూ దాటేయకండి.

నాలుగోది, అన్నిటికంటే ఖరీదైనది: లాగిన్ వెనక, సంస్థల లోపలి నెట్‌వర్క్‌లలో ఉన్న పేజీలు బయటి క్రాలర్లకు (వెబ్ పేజీల్ని వాటంతటవే తిరిగి చూసే ప్రోగ్రాములకు) కనబడవు. పేజీ మీద చిన్న కిటికీ తెరిచే షోమోడల్‌డైలాగ్ అనే పాత ఏపీఐని 2014లో క్రోమ్ 37లో ఆపినప్పుడు వాడకం 0.006 శాతం లోపే. అయినా గట్టి దెబ్బ తగిలింది సంస్థల లోపలి అప్లికేషన్లకు. నిర్వాహకులు పాలసీ (సంస్థ కంప్యూటర్లన్నిటికీ పెట్టే సెట్టింగ్) ద్వారా దాన్ని తాత్కాలికంగా తిరిగి తెరుచుకునే వీలు ఉంచారు కాబట్టి, 2015లో క్రోమ్ 43 వచ్చేదాకా వాళ్లకు ఊపిరి తీసుకునే సమయం దొరికింది.

4. తీసేసిన బిల్డ్‌ని మీరే వాడండి

ఫీచర్ ఆపిన బిల్డ్‌ని బృందమంతా రెండు వారాలు రోజువారీ పనికి వాడాలి. ఏదైనా ఆగినప్పుడు యూజర్‌కి అది ఎలా కనిపిస్తుందో రాసుకోండి. కనబడేలా ఆగితే నయం. చప్పుడు లేకుండా ఆగితే కష్టం. ఆగుతూ యూజర్ డేటాని కూడా పట్టుకుపోతే అక్కడితో పని ఆపి, ముందు దాన్ని కాపాడే దారి చూడాలి.

చప్పుడు లేకుండా ఆగడానికి అచ్చంగా సరిపోయే ఉదాహరణ 2018 నాటి క్రోమ్ 66. తనంతట తానే మోగే మీడియాని అదుపు చేసే నియమం వెబ్ ఆడియోకీ (పేజీ స్క్రిప్ట్‌తో శబ్దం పుట్టించే ఏపీఐకీ) వర్తించేసరికి, వెబ్‌లోని ఎన్నో ఆటలు మూగబోయాయి. ఆట నడుస్తోంది, శబ్దం లేదు, ఎర్రర్ సందేశమూ లేదు. చాలా ఆటలను చేసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు, సరిచేసేవారే లేరు. బృందం వెబ్ ఆడియో వరకు నియమాన్ని వెనక్కి తీసుకుని, సర్దుబాట్లు చేసి, ఆ ఏడాది చివర క్రోమ్ 71లో మళ్లీ తెచ్చింది. కాబట్టి మీ 50 సైట్ల నమూనాలో "ఇక ఎవరూ సరిచేయరు" అనే గుర్తు కూడా పెట్టండి. అలాంటివి సగం దాటితే "సైట్లు మారతాయిలే" అన్న మాట మీ ప్రణాళికలో ఉండకూడదు.

5. ప్రత్యామ్నాయం ముందు, తొలగింపు తర్వాత

ప్రత్యామ్నాయం సరైనదో కాదో చూడటానికి మూడు పరీక్షలు. పాతదానికంటే ఒక్క అడుగు మించి ఎక్కువ పట్టకూడదు. కీబోర్డ్‌తో, స్క్రీన్ రీడర్‌తో పూర్తవ్వాలి. సహాయ పేజీ చదవని ఐదుగురు దాన్ని సొంతంగా కనుక్కోగలగాలి. మూడిట్లో ఏది ఓడినా అది ప్రత్యామ్నాయం కాదు, సాకు.

పాత డేటా ఎటు పోతుందో కూడా ఇప్పుడే తేల్చాలి. ఫైర్‌ఫాక్స్ 64లో లైవ్ బుక్‌మార్క్‌లను (సైట్ల కొత్త శీర్షికల్ని బుక్‌మార్క్‌లుగా చూపేవి) తీసేసినప్పుడు యూజర్ల చందాల జాబితాని ఓపీఎంఎల్ అనే ప్రామాణిక ఫైల్‌గా ఎగుమతి చేసి ఇచ్చారు, ఏ ఫీడ్ రీడర్‌లోనైనా ఎక్కించుకోవచ్చు. దీనికి ఎదురు ఉదాహరణ 2013 నాటి ఒపెరా 15. ఇంజిన్ మారింది, బుక్‌మార్క్‌ల ఫీచరే మాయమైంది. పూర్తి స్థాయిలో అవి తిరిగొచ్చింది 2014లో, ఒపెరా 25తో. ఏడాదికి పైగా బుక్‌మార్క్‌లు లేని బ్రౌజర్‌ని వాడమనడం ఏ యూజర్‌నీ అడగకూడని సహాయం.

"ఎక్స్‌టెన్షన్‌తో చేసుకోవచ్చు" అని రాసేముందు ఆ ఎక్స్‌టెన్షన్‌ని మీరే రాసి చూడండి. బ్యాక్‌స్పేస్‌కి అది కుదిరింది, గూగులే ఒకటి విడుదల చేసింది. ఫైర్‌ఫాక్స్ 57 నాటికి మాత్రం చాలా పాత యాడ్-ఆన్లు చేసే పనికి కొత్త పద్ధతిలో ఏపీఐలే లేవు, రాసేవాళ్లు రాద్దామన్నా కుదరలేదు.

6. మధ్యే మార్గాలు, వాటి గడువు

మొత్తం తీసేయడం, పూర్తిగా ఉంచడం మధ్య చాలా మెట్లున్నాయి. డిఫాల్ట్‌గా ఆపి సెట్టింగ్‌లో ఉంచొచ్చు. ఫైర్‌ఫాక్స్ 87లో బ్యాక్‌స్పేస్‌ని అలాగే చేశారు, కావలసినవాళ్లు అబౌట్ కాన్ఫిగ్ అనే లోతైన సెట్టింగ్‌ల పేజీలో తిరిగి పెట్టుకోవచ్చు. 2021లో ఫైర్‌ఫాక్స్ 89లో ఇరుకు టూల్‌బార్ అమరికని తీసేద్దామనుకుని, యూజర్లు గట్టిగా అడ్డుచెప్పాక, కొత్తవారికి కనబడకుండా దాచి, మద్దతు లేదన్న చీటీ తగిలించి వదిలేశారు. పైభాగపు ఫీచర్లకు ఇది చాలాసార్లు సరిపోతుంది. వెబ్ ఫీచర్లయితే నొక్కితేనే నడిచేలా చేయొచ్చు, లేదా భద్రమైన కనెక్షన్లకే పరిమితం చేయొచ్చు. భద్రత కారణమైనప్పుడు మాత్రం దాచిన స్విచ్ పనికిరాదు, లోపం స్విచ్ వెనక అలాగే ఉంటుంది.

దాచిన స్విచ్ ఉచితం కాదని గుర్తుంచుకోండి. దానికీ పరీక్షలు నడవాలి. గడువు పెట్టకపోతే రెండేళ్లకి సగం పాడై, నమ్ముకున్నవాళ్లని నట్టేట ముంచుతుంది. పెట్టిన రోజే "ఫలానా వెర్షన్‌లో మళ్లీ చూస్తాం" అని రాయండి.

7. తీర్పు

ఒక మనిషి పేరుతో నిర్ణయం ఉండాలి, కనీసం ఇద్దరు బయటివారి ఒప్పుకోలు ఉండాలి. బ్లింక్‌లో వెబ్ ఫీచర్ తీసేయాలంటే ఏపీఐ బాధ్యుల్లో ముగ్గురు బహిరంగంగా సరేననాలి. ప్రతిపాదించినవారే ఆమోదించుకోవడం కంటే అది ఎంతో మేలు.

తూచేటప్పుడు నేను ఇలా చెబుతాను. సరిచేయలేని భద్రతా లోపం ఉంటే ఎంత ప్రజాదరణ ఉన్నా తీసేయాలి, చర్చ తేదీ గురించే. యూజర్ డేటా పోగొడుతుంటే డిఫాల్ట్‌గా ఆపి, కోరినవారికి దారి ఉంచాలి. కారణం నిర్వహణ భారమే అయి, పని ఆగేవాళ్లున్నారని 50 సైట్ల పరీక్షలో తేలి, ప్రత్యామ్నాయం మూడు పరీక్షల్లోనూ గెలవకపోతే ఉంచాలి. కారణం అందం మాత్రమే అయితే కాగితాన్ని మడిచి లోపల పెట్టేయాలి.

ఉంచాలన్న తీర్పు కూడా తీర్పే. క్రోమ్‌లో 2015లో స్మిల్ యానిమేషన్‌కి (బొమ్మల్ని ట్యాగ్‌లతోనే కదిలించే పద్ధతికి) స్వస్తి చెప్పే ప్రక్రియ మొదలుపెట్టి 2016లో నిలిపేశారు. వెనక్కి తగ్గేటప్పుడు ఆ మాట సూటిగా చెప్పి, కన్సోల్‌లో (డెవలపర్లకు సందేశాలు కనిపించే చోట) వస్తున్న హెచ్చరికని వెంటనే తీసేయండి. లేకపోతే సైట్లవాళ్లు అక్కర్లేని పని చేస్తూనే ఉంటారు.

8. తీసేయాలని తేలితే, తేదీలు

ప్రత్యామ్నాయం చేతిలో లేకుండా తేదీ ప్రకటించవద్దు. థర్డ్ పార్టీ కుకీలను (చూస్తున్న సైట్ కాక వేరే సైట్లు బ్రౌజర్‌లో దాచే గుర్తుల్ని) రెండేళ్లలో ఆపేస్తామని గూగుల్ 2020 జనవరిలో చెప్పింది, గడువు పదేపదే జరిగింది, 2024 జులైలో ఆ ఆలోచనే మార్చుకుంది. ఈలోగా ముందే సిద్ధపడ్డ సైట్ల శ్రమ, ఆగి చూసినవాళ్ల నిశ్చింత రెండూ తర్వాతి ప్రకటన బరువుని తగ్గిస్తాయి.

ఎంత గడువు? పైభాగపు చిన్న ఫీచర్‌కి రెండు మూడు విడుదలలు. సైట్లు మారాల్సినవాటికి కనీసం ఏడాది. పరిశ్రమ మొత్తం మారాలంటే ఇంకా ఎక్కువ. పేజీల్లో ఆటలు, వీడియోలు ఆడించిన ఫ్లాష్ ప్లగిన్ ముగింపుని 2017 జులైలో ప్రకటించి 2020 డిసెంబరు 31 దాకా సమయం ఇచ్చారు. క్రోమ్‌లో ఎన్‌పీఏపీఐ అనే పాత పద్ధతి ప్లగిన్లు 2013 సెప్టెంబరు ప్రకటన తర్వాత మెట్లు మెట్లుగా దిగి, 2015 ఏప్రిల్‌లో డిఫాల్ట్‌గా ఆగి, సెప్టెంబరులో పూర్తిగా పోయాయి.

సంస్థల కోసం దీర్ఘకాల మద్దతు వెర్షన్ ఉంటే, అది విడుదలైన తర్వాతి వెర్షన్‌లో తీసేయండి, లేదా అందులో మాత్రం ఫీచర్ ఉంచండి. 2017లో మామూలు ఫైర్‌ఫాక్స్ 52లో ఫ్లాష్ మినహా మిగతా ప్లగిన్లు ఆగినా, అదే అంకె గల దీర్ఘకాల వెర్షన్‌లో కొనసాగాయి. వెబ్ ఏపీఐ అయితే, నమోదు చేసుకున్న సైట్లకు కొన్ని వెర్షన్లపాటు పాత ప్రవర్తనని కొనసాగించే టోకెన్ ఇవ్వండి. ఎవరు నమోదు చేసుకున్నారో చూస్తే, మీ లెక్కకి అందని వాడకం కూడా బయటపడుతుంది.

విడుదల వరుస: ప్రకటన, కన్సోల్ హెచ్చరిక, పరీక్షా వెర్షన్లలో ఆపడం, స్థిర వెర్షన్‌లో 1 శాతం యూజర్లకి, తర్వాత 10, 50, 100. ప్రతి మెట్టు దగ్గర కనీసం వారం ఆగండి, అందులో పనిదినాలూ సెలవులూ రెండూ పడాలి. సర్వర్ నుంచి వెనక్కి తిప్పే స్విచ్ మొదటి రోజు నుంచే ఉండాలి. కోడ్‌ని మాత్రం అప్పుడే చెరపకండి. ఫైర్‌ఫాక్స్ ఎఫ్‌టీపీని (ఫైళ్లు పంపుకునే పాత ప్రోటోకాల్‌ని) 88లో ఆపి, 90లో తొలగించింది. ఆ రెండు వెర్షన్ల ఎడమే వెనక్కి రావడానికి దారి.

బయటి ప్రపంచం సంగతీ చూసుకోవాలి. కనెక్షన్‌ని భద్రంగా ఉంచే టీఎల్‌ఎస్ ప్రోటోకాల్ పాత వెర్షన్లు 1.0, 1.1లను ఆపాలని నాలుగు పెద్ద బ్రౌజర్లు 2018లోనే కలిసి ప్రకటించాయి, కారణం గట్టిది, గడువు సరిపోయింది. ఫైర్‌ఫాక్స్ 74లో ఆపింది 2020 మార్చిలో. కోవిడ్ సమాచారం ఇచ్చే కొన్ని ప్రభుత్వ సైట్లు తెరుచుకోకపోయేసరికి తిరిగి తెరిచి, జూన్ చివర ఫైర్‌ఫాక్స్ 78లో మళ్లీ ఆపింది. నిర్ణయం తప్పు కాదు, తేదీ కుదరలేదు. వెనక్కి తిప్పే స్విచ్ ఉండాలనేది ఇలాంటి రోజుకే.

9. ప్రకటన, ఆ తర్వాతి నాలుగు వారాలు

ప్రకటనలో ఐదు విషయాలు చాలు: ఏది పోతోంది, ఏ వెర్షన్‌లో, ఎందుకు, ఈరోజు యూజర్ ఏం చేయాలి, పాత డేటా ఎక్కడుంది. "మీకు మరింత మెరుగైన అనుభవం కోసం" అన్న వాక్యం రాయకండి. ఫీచర్ కోల్పోయే మనిషికి అది అవమానంగా తగులుతుంది.

వెనక్కి తిప్పే హద్దుల్ని విడుదలకి ముందే రాసి సంతకం పెట్టించండి, తర్వాతైతే ఎవరికీ మనసొప్పదు. చూడాల్సినవి: పని చేయని సైట్ల ఫిర్యాదులు, ఆ ఫీచర్ వాడిన యూజర్లలో 28 రోజుల తర్వాత మిగిలినవారి శాతం, అప్‌డేట్‌ని ఆపుకుని పాత వెర్షన్‌లో ఉండిపోయినవారి సంఖ్య. మూడోదాన్ని ఎక్కువమంది చూడరు. భద్రత కోసం తీసేసిన ఫీచర్ వల్ల జనం ప్యాచ్‌లు లేని వెర్షన్‌లో ఉండిపోతే, తలపెట్టిన ప్రయోజనమే తలకిందులవుతుంది.

ఫిర్యాదుల్ని సంఖ్యతో తూచొద్దు, నోరు గలవాడిదే రాజ్యం అవుతుంది. ప్రతి ఒక్కటీ చదివి మూడు గుట్టలు వేయండి: అలవాటు తప్పింది, పని ఆగింది, డేటా పోయింది. మొదటి గుట్ట ఎంత ఎత్తున్నా నాలుగు వారాల్లో తగ్గుతుంది. రెండో గుట్టలో ఒకే రకం పని పదే పదే కనిపిస్తే విస్తరణ ఆపి, ప్రత్యామ్నాయాన్ని సరిచేయండి. మూడో గుట్టలో నిజమైన కేసు ఒక్కటి పడినా స్విచ్ తిప్పండి. 2021లో క్రోమ్ 92, పేజీలోపల పొదిగిన, వేరే సైట్ నుంచి వచ్చిన ఫ్రేమ్‌లలో అలర్ట్ పెట్టెల్ని ఆపినప్పుడు కోడ్ నేర్పే సైట్లలో పాఠాలు నడవలేదు. అది రెండో గుట్ట. బృందం ఆ మార్పుని వాయిదా వేసింది.

నాలుగు వారాలు గడిచాక కారణం వాక్యం, 50 సైట్ల పట్టిక, ప్రత్యామ్నాయ పరీక్షల ఫలితాలు, మూడు గుట్టల లెక్క ఒకే ఫైల్‌లో చేర్చి, కోడ్ చెరిపిన కమిట్‌కి (ఆ మార్పు నమోదైన చోటికి) దాన్ని తగిలించండి. ఫైర్‌ఫాక్స్‌లో ట్యాబ్‌ల గుంపులు 2016లో 45వ వెర్షన్‌తో పోయి, 2025లో 138వ వెర్షన్‌తో కొత్త రూపంలో తిరిగొచ్చాయి. తొమ్మిదేళ్ల తర్వాత ఆ పని మొదలుపెట్టే ఇంజనీరుకి ముందుగా కావలసింది ఆ ఫైలే.